శోధనలో కాళ్ళు నిలదొక్కుకోవడం: కొండపి రైతు సోదరుడికి జవాబు

ప్రకాశం జిల్లా కొండపి వైపు నుంచి ఒక సోదరుడు అడిగిన ప్రశ్న ఇది. పొగాకులో వరసగా రెండేళ్ళు దెబ్బ తగిలింది, పొగాకు ఆరబెట్టే బ్యారన్ మీద తెచ్చిన అప్పు అలాగే ఉంది. భార్యకు కిడ్నీలు పాడై వారానికి మూడుసార్లు ఒంగోలులో డయాలసిస్ చేయిస్తున్నారు. బయటి నుంచి వచ్చిన ఒక సేవకుడు "మీ ఇంట్లో దాచిన పాపం ఉంది, విత్తన కానుక వేయండి, నలభై రోజుల్లో విడుదల" అని చెప్పి వెళ్ళాడట. అత్తగారి తరఫు వాళ్ళు తమ దేవుళ్ళకు ఏదైనా మొక్కు మొక్కుకోమంటున్నారు. ఈయనకేమో మోకాళ్ళూనితే మాట రావడం లేదు, ఆదివారం మందిరానికి పోబుద్ధి కావడం లేదు. "నా విశ్వాసం పోయినట్టేనా? మళ్ళీ నిలబడాలంటే ఏం చేయాలి?" అని అడిగారు.

పోలేదు బ్రదర్. ప్రార్థనలో మాట రాకపోవడం చాలాసార్లు అలసట లక్షణం. 1 రాజులు 19వ అధ్యాయం చూడండి. ఏలీయా బదరీ చెట్టు కింద కూర్చుని చచ్చిపోతే బాగుండునన్నాడు. దేవుడు ఆయనకు ముందు వాక్యం చెప్పలేదు, గద్దించనూ లేదు. నిద్రపోనిచ్చాడు. దూతను పంపి రొట్టె, నీళ్ళు పెట్టించాడు. మళ్ళీ పడుకోనిచ్చి, మళ్ళీ పెట్టించాడు. మాట్లాడింది ఆ తర్వాత, హోరేబు కొండ దగ్గర. తెల్లవారుజామున బండెక్కి ఒంగోలు పోయి, పొద్దుగూకాక ఇల్లు చేరే మనిషి రాత్రి పదకొండుకు గంటసేపు ప్రార్థన చేయాలని కూర్చుంటే వచ్చేది నిద్రే. దాన్ని పాపం లెక్కలో వేసుకోవద్దు. డయాలసిస్ ఉన్న రోజు రాత్రి పడక మీదే ప్రభువు ప్రార్థన ఒక్కసారి చెప్పుకుని నిద్రపోండి.

అసలు విషయానికి వస్తాను. మీ విశ్వాసానికి ఇప్పుడు తగులుతున్న దెబ్బ జబ్బు వల్ల, అప్పు వల్ల కంటే, విశ్వాసాన్ని మేలుతో ముడిపెట్టిన బోధ వల్లే ఎక్కువ. మేలు జరిగితే దేవుడు నాతో ఉన్నాడు, జరగకపోతే నాలో లోపం ఉంది అని మన సంఘాల్లో చాలామందికి తెలియకుండానే పాతుకుపోయింది. ఆ ముడి ఉన్నంతకాలం ప్రతి డయాలసిస్ రిపోర్టూ, ప్రతి పొగాకు వేలం ధరా మీ విశ్వాసానికి మార్కులు వేస్తూనే ఉంటుంది. ముందు ఆ ముడి విప్పాలి.

ఈ ముడి విప్పడం మన జిల్లాకు కొత్త కాదు. 1876-78 కరువులో ఒంగోలు బాప్తిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని, కూలి చూపించాడు. ఆ రోజుల్లోనే బాప్తిస్మం ఇమ్మని జనం గుంపులు గుంపులుగా వచ్చారు. ఆయన ఇవ్వలేదు. కరువు పని సాగినంత కాలం వాయిదా వేశాడు, కూటి కోసం వచ్చారన్న మాట రాకూడదని, వచ్చినవాళ్ళ మనసులో కూడా ఆ కలగలుపు ఉండకూడదని. సహాయం ఆగిపోయాక కూడా వాళ్ళు వచ్చారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ సంఖ్యను మనం సభల్లో గొప్పగా చెప్పుకుంటాం. నా దృష్టిలో ఆ సంఖ్య కంటే దానికి ముందు నెలల తరబడి వాయిదా వేసిన ఆ జాగ్రత్తే పెద్దది. ఈ ప్రాంతపు సంఘం పెరిగిందే తిండి గింజలు అయిపోయాక కూడా ప్రభువు కావాలన్న మనుషులతో. నష్టం వచ్చింది కాబట్టి దేవుడు వదిలేశాడు అనే బోధ ఆ పునాదికి సరిపడదు.

దానియేలు 3వ అధ్యాయంలో షద్రకు, మేషాకు, అబేద్నెగో రాజుతో అన్నది కూడా ఇదే. మా దేవుడు రక్షించగల సమర్థుడు అన్నారు, వెంటనే "ఒకవేళ ఆయన రక్షింపకపోయినను" అన్నారు. ప్రార్థనలో ఈ రెండూ కలిపి పలకడం అలవాటు చేసుకోండి. "ప్రభువా, నా భార్యను బాగుచేయి. నీవు చేయగలవు. చేయకపోయినా నిన్ను విడిచిపెట్టను." మొదటి సగం మాత్రమే పలికితే అది బేరంలోకి జారుతుంది. రెండో సగం మాత్రమే పలికితే అడగడం మానేసిన నిరాశ అవుతుంది.

తర్వాత మీకున్న శోధనలను, అంటే విశ్వాసానికి వచ్చిన పరీక్షలను, విడదీయండి. ఒక నోటుపుస్తకంలో రాస్తే మంచిది, ఎందుకంటే అన్నీ కలిపి తలమీద పడితే అన్నిటికీ ఒకే మందు వేయాలనిపిస్తుంది. మీ భార్య జబ్బు ఓర్చుకోవలసింది, వైద్యం చేయించవలసింది. అప్పులో కొంత ధర పడిపోవడం వల్ల, కొంత మన నిర్ణయాల వల్ల వచ్చి ఉంటుంది. ఎక్కువ పొలం కౌలుకు తీసుకోవడమో, ఒకరికి హామీ ఉండటమో ఉంటే అక్కడ పశ్చాత్తాపం అంటే ఇకముందు లెక్క మార్చుకోవడం. మొక్కు ఒత్తిడి విశ్వాసం మీదికి వచ్చింది, దాన్ని ఎదుర్కొనే తీరు వేరు. ఈ కష్టం అడ్డం పెట్టుకుని తాగుడో, పేకాటో, అబద్ధమో మెల్లగా ఇంట్లోకి వస్తుంటే అది యాకోబు 1:13-15 చెప్పే శోధన. దేవుడు పంపాడని దాన్ని భరించకూడదు, తెంచుకోవాలి. ఓర్చుకోవలసినదాన్ని గద్దించడం, తెంచుకోవలసినదాన్ని ఓర్చుకోవడం, ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే.

ఇక ప్రార్థన. మీకు వారానికి మూడు రోజులు, రోజుకు దాదాపు నాలుగు గంటలు డయాలసిస్ గది బయట కూర్చునే సమయం ఉంది. ఆమెను మిషన్‌కు కలిపి, నర్సు సిస్టరు వచ్చి అంతా సరిగా ఉందని చెప్పిన తర్వాత మొదటి పదిహేను నిమిషాలు తీసుకోండి. ఆ తర్వాత ఫోన్ చూసుకున్నా పర్వాలేదు. 13వ కీర్తన తెరవండి. ఆరే వచనాలు. మొదటి రెండింటిలో ఎన్నాళ్ళు, ఎంతవరకు అని దావీదు ఫిర్యాదు చేస్తాడు, తర్వాతి రెండింటిలో అడుగుతాడు, చివరి రెండింటిలో నమ్మికకు వస్తాడు. పెదవులు కదిలేటట్టు ఒకసారి చదవండి. తర్వాత మీ ఫిర్యాదు ఒక్క వాక్యం, మీ అవసరం ఒక్క వాక్యం నోటుపుస్తకంలో రాయండి. "రక్తంలో యూరియా తగ్గలేదు, నేను భయపడుతున్నాను" అని రాసినా అది ప్రార్థనే. "శుక్రవారం లోపల ఫీజు కట్టాలి" అని రాసినా ప్రార్థనే. మూడో భాగం, నమ్మిక, మీ నోట రాకపోతే దావీదు మాటే చదివి ఆపేయండి. వారం పాటు ఇదే కీర్తన. వచ్చే వారం 42, ఆ తర్వాత 73, 77, 130. 88వ కీర్తన కూడా చదవండి. అది చీకటిలోనే ముగుస్తుంది, చివర్లో వెలుగు మలుపు లేదు. అయినా దేవుడు దాన్ని తన గ్రంథంలో ఉంచాడు. అలా ముగిసే ప్రార్థన కూడా ఆయనకు చేరుతుందనడానికి అంతకంటే ఏం కావాలి?

ఇక్కడ జరిగే పొరపాటు ఒకటి ముందే చెబుతాను. కష్టంలో ఉన్నవాళ్ళు పెద్ద తీర్మానాలు చేస్తారు: నలభై రోజుల ఉపవాసం, ప్రతి శుక్రవారం రాత్రంతా ప్రార్థన, మూడు నెలల్లో బైబిలు మొత్తం. వారం దాటేసరికి లేవీయకాండం దగ్గరో, డయాలసిస్ రోజు దగ్గరో ఆగిపోతుంది. అప్పుడు ఉన్న బాధకు తోడు మాట తప్పానన్న నేరభావం చేరుతుంది. శోధన కాలంలో మొక్కుబడులు చేయవద్దు. ఎంత నీరసంగా ఉన్న రోజైనా చేయగలిగినంతే పెట్టుకోండి.

ఆ సేవకుడు అన్న మాటల సంగతి. యోబు స్నేహితులు ఏడు రాత్రింబగళ్ళు మాట్లాడకుండా నేల మీద కూర్చున్నారు. అంతవరకు చాలా బాగా చేశారు. నోరు తెరిచి నీ పాపమే కారణం అన్నప్పటి నుంచి తప్పారు. చివరికి 42:7లో దేవుని కోపం వచ్చింది ఆ స్నేహితుల మీదే. యోహాను 9లో పుట్టు గుడ్డివాడిని చూసి ఎవడు పాపం చేశాడని శిష్యులు అడిగితే, వీడూ కాదు, వీడి తల్లిదండ్రులూ కాదు అన్నాడు ప్రభువు. నిజంగా ఒప్పుకోవలసిన పాపం ఉంటే పరిశుద్ధాత్మ దాన్ని పేరు పెట్టి చూపిస్తాడు. ఏదో ఉంది, వెతుక్కో అని చీకట్లో తిప్పడం ఆయన పద్ధతి కాదు. మళ్ళీ ఎవరైనా ఆ మాట ఎత్తితే వాదన పెట్టుకోవద్దు. "అన్నా, మీ ప్రేమకు వందనాలు. కారణం వెతకొద్దు, ప్రార్థన చేయండి" అనండి, అంతటితో ఆపండి.

విత్తన కానుక, అంటే పంటలా తిరిగి వస్తుందని చెప్పి వేయించే కానుక, మాత్రం గట్టిగా చెప్పవలసిన సంగతి. అప్పు తెచ్చి కానుక వేయవద్దు. నూటికి మూడు రూపాయల వడ్డీకి యాభై వేలు తెస్తే నెలకు 1,500, ఏడాదికి 18,000 వడ్డీకే పోతుంది, అసలు అలాగే ఉంటుంది. 2 కొరింథీ 8:12 సూటిగా చెబుతుంది: ఒకడికి ఉన్నదానిని బట్టే అర్పణ ప్రీతికరం, లేనిదానిని బట్టి కాదు. పేద విధవరాలు వేసిన రెండు కాసులు ఆమె సొంతవి, వడ్డీకి తెచ్చినవి కావు, ప్రతిఫలం ఇస్తానని ఎవరూ ఆమెను పిలవలేదు కూడా. ఈ ఏడాది దశమభాగం పూర్తిగా ఇవ్వలేకపోతే మీ పాస్టరు అయ్యగారికి దాపరికం లేకుండా చెప్పండి. పది రూపాయలు వేయగలిగితే పదే వేయండి. భార్య మెడలో ఉన్నది, ఆడపిల్ల ఫీజుకు దాచింది ముట్టుకోవద్దు.

వైద్యం దగ్గర ఇంకా జాగ్రత్త. విశ్వాసం ఉంటే మందులెందుకు అన్న మాట ఎవరి నోట వచ్చినా వినవద్దు. హిజ్కియాకు ఆయుష్షు పెంచుతానని దేవుడు మాట ఇచ్చిన తర్వాత కూడా పుండుకు అంజూరపు ముద్ద కట్టమని యెషయా చెప్పాడు. పౌలు తిమోతికి కడుపు జబ్బుకు ఏం పుచ్చుకోవాలో రాశాడు, తన తోటి సేవకుడు త్రోఫిమును జబ్బుతో ఉండగానే మిలేతులో విడిచివచ్చాడు. పౌలుకు విశ్వాసం తక్కువా? డయాలసిస్ ఒక విడత మానినా ఒంట్లో నీరు, పొటాషియం పేరుకుని ఊపిరి, గుండె మీద పడతాయి. "సాక్ష్యం కోసం" మానేయడం దేవుణ్ణి శోధించడమే.

ఆమె విషయంలో మందిరం వాళ్ళకు ముందే చెప్పవలసినవి ఉన్నాయి. ఆమె ఉపవాసం ఉండకూడదు, సుగర్ కూడా ఉంటే అసలే కూడదు. ఆమె బదులు మీరో, సంఘమో ఉండవచ్చు. పరామర్శకు వచ్చేవాళ్ళు ప్రేమతో కొబ్బరి బోండాలు, అరటిపండ్లు, బత్తాయిలు తెస్తారు. వీటిలో పొటాషియం ఎక్కువ, డయాలసిస్ మీద ఉన్నవాళ్ళకు ప్రమాదం. ఏం తేవచ్చో మీ డాక్టరును అడిగి ఒక చీటీ మీద రాసి స్త్రీల సమాజం వాళ్ళకు ఇవ్వండి, వాళ్ళు మిగతావాళ్ళకు చెబుతారు. ప్రార్థించిన నీళ్ళని సీసా ఇస్తే అది కూడా ఆ రోజు తాగవలసిన నీళ్ళ కొలతలోకే వస్తుంది. నూనె నుదుటికి రాయడం వరకు పర్వాలేదు, తాగించనివ్వవద్దు. చేతులుంచి ప్రార్థన చేసేటప్పుడు ఫిస్టులా (డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపి చేసిన చోటు) పెట్టిన చేతిని ఎవరూ పట్టుకుని నొక్కకూడదు, దానికి ఏదీ బిగించి కట్టకూడదు. ఆ చెయ్యి చెడిపోతే మళ్ళీ ఆపరేషను. వార్డులో గొంతెత్తి ప్రార్థన వద్దు. పక్క మంచాల మీద బీపీ పడిపోయి నీరసంగా ఉన్నవాళ్ళుంటారు, వేరే మతం వాళ్ళుంటారు. ఆమె చదవలేని స్థితిలో ఉంటే ఫోన్లో వాక్యం పెట్టి ఒక చెవికి ఇయర్‌ఫోన్ ఇవ్వండి.

మందిరానికి పోబుద్ధి కావడం లేదన్నారు. వెళ్ళండి, కానీ తగ్గించుకుని వెళ్ళండి. వెనక వరసలో కూర్చోండి. పాడలేకపోతే పాడవద్దు, పక్కవాళ్ళు పాడుతుంటే వినండి. సాక్ష్యం చెప్పమని పిలిస్తే ఈ వారం కాదు అనండి. ప్రభు బల్ల (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధన) ఉన్న ఆదివారం మాత్రం మానవద్దు, ఎందుకంటే అక్కడ మీరు చేయవలసింది చెయ్యి చాపి అందుకోవడమే. మార్కు 2లో పక్షవాయువు గలవాణ్ణి నలుగురు మోసుకొచ్చి కప్పు విప్పి దించారు. యేసు చూసింది వారి విశ్వాసం. మంచం మీదున్నవాడు ఏం ప్రార్థించాడో సువార్త చెప్పలేదు. ఇప్పుడు మీది ఆ మంచం మీది వంతు. హెబ్రీ 10:25 సమాజంగా కూడడం మానవద్దన్నది హాజరు పట్టీ కోసం కాదు, మోసేవాళ్ళ చేతికి అందుబాటులో ఉండటం కోసం.

ఆ నలుగురు ఎవరో మీరే ఎంచుకోండి. వాట్సాప్ గ్రూపులో అన్నీ పెడితే మీ అప్పు సంగతి సాయంత్రానికి టంగుటూరు దాటుతుంది. మాట బయటికి పొక్కనివ్వని ఇద్దరు ముగ్గురు చాలు, అందులో మీ అయ్యగారు ఒకరైతే మంచిది. వాళ్ళను "ప్రార్థన చేయండి" అని మాత్రమే అడిగితే ప్రార్థన చేస్తామంటారు, అంతే. పని పేరు చెప్పి అడగండి. మంగళవారం ఒంగోలు తోడు ఎవరొస్తారు? గురువారం పిల్లలకు మధ్యాహ్నం అన్నం ఎవరు పెడతారు? ఆసుపత్రిలో ఎన్టీఆర్ వైద్యసేవ కౌంటర్ దగ్గర, సచివాలయంలో డయాలసిస్ పింఛను కాగితాల దగ్గర తిరగడానికి చదువుకున్న యువకుడు ఒకడు దొరుకుతాడా? సంఘంలో చాలామందికి చేయాలనే ఉంటుంది, ఏం చేయాలో తెలియదు.

మొక్కు విషయం. 1860ల చివర్లో కనిగిరి వైపు తొలి తరం క్రైస్తవ బోధకుడు ఎర్రగుంట్ల పేరయ్య మాటతో నమ్ముకున్న మాదిగ పల్లెల మీద ఊరు ఎలా కక్ష కట్టిందో చదివితే ఇప్పటి ఒత్తిడి చిన్నదనిపిస్తుంది. చాకలిని బట్టలు ఉతకవద్దన్నారు, కుమ్మరిని కుండలు అమ్మవద్దన్నారు, పశువులను మేత బీడు నుంచి తోలేశారు, కోతల్లో పని ఇవ్వలేదు, గింజలు ఇవ్వలేదు. వాళ్ళు నిలబడ్డారు. గమనించవలసింది ఏమిటంటే వాళ్ళు గీత గీసింది మూడు చోట్లే: విగ్రహాలకు మొక్కం, చచ్చిన పశువు మాంసం తినం, ఆదివారం పని చేయం. మిగతా వాటిలో ఊరితో కలిసే బతికారు. మీరూ అంతే స్పష్టంగా ఉండండి. మొక్కు మొక్కను, తాయెత్తు కట్టించను. అది తప్ప మిగతా అన్నిటికీ వాకిలి తెరిచి ఉంచండి. బావమరిది రక్తం ఇస్తానంటే తీసుకోండి, అత్తగారు అన్నం క్యారేజీ పంపితే తినండి. "అత్తా, మీ బిడ్డ మీద ప్రేమతో చెబుతున్నారని తెలుసు. ఆ ఒక్కటి నేను చేయలేను. ఆసుపత్రిలో ఒక రాత్రి మీరు తోడుంటే మాకు చాలా సాయం" అని చెప్పండి. వాళ్ళ దేవుళ్ళ గురించి ఒక్క తేలిక మాట అనవద్దు. అపొస్తలుల కార్యములు 19:37లో ఎఫెసు కరణం పౌలు జట్టు గురించి ఇచ్చిన సాక్ష్యం అదే, వీళ్ళు మన దేవతను దూషించలేదని.

ఒకటి కచ్చితంగా చూసుకోండి. రెండు వారాలకు పైగా నిద్ర పట్టకపోవడం, అన్నం సయించకపోవడం, ఏ పనీ చేయబుద్ధి కాకపోవడం, నేను లేకపోతే వీళ్ళకు సుఖం అన్న ఆలోచన రావడం, ఇవి మీలో గాని ఆమెలో గాని ఉంటే అది డాక్టరుకు చూపించవలసిన జబ్బు. మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, ప్రభుత్వానిది, డబ్బు కట్టనక్కర లేదు. ఇంట్లో ఉన్న పురుగుమందు డబ్బాలు ఈ రోజే తీసి నమ్మకమైన మనిషి దగ్గర తాళంలో పెట్టించండి. ఇది అవిశ్వాసపు పని అనుకోవద్దు. ఆ ఆలోచన వచ్చిన గంటలో చేతికి అందకుండా ఉండటమే చాలా ప్రాణాలు కాపాడుతుంది. అయ్యగారికి కూడా ఈ సంగతి దాచవద్దు.

పిల్లలకు నిజం వాళ్ళ వయసుకు తగ్గట్టు చెప్పండి. అమ్మ బాగైపోతుందని దేవుడు చెప్పాడు అనవద్దు, ఆయన మీకలా చెప్పలేదు కదా. "అమ్మకు జబ్బుగా ఉంది, వైద్యం చేయిస్తున్నాం, రోజూ దేవుణ్ణి అడుగుతున్నాం, ఏం జరిగినా ఆయన మనతో ఉంటాడు" అనండి. మనం ఇవ్వకూడని మాట దేవుని పేరు మీద ఇస్తే, రేపు పిల్లలు లెక్క అడిగేది దేవుణ్ణే.

పొగాకు ధర కోలుకున్నా, ఆమెకు కిడ్నీ మార్పిడి కుదిరినా, సంఘం మిమ్మల్ని సాక్ష్యానికి పిలుస్తుంది. అప్పుడు నలభై రోజులు ప్రార్థించాను కాబట్టి జరిగింది అని చెప్పవద్దు. అదే వరసలో అంతే ప్రార్థించి భార్యను పోగొట్టుకున్న మనిషి కూర్చుని ఉంటాడు. తోడు వచ్చినవాళ్ళను, క్యారేజీ పంపిన అత్తగారిని, డయాలసిస్ గదిలో సిస్టర్లను పేరుపేరునా చెప్పండి, దేవునికి స్తోత్రం చెప్పండి, ఐదు నిమిషాల్లో కూర్చోండి. కూడిక అయ్యాక ఆ మనిషి పక్కన కాసేపు కూర్చోండి.